ఫోటో గ్లౌజులు

"మీరు కొంచెం అవతలికి జరగండమ్మా. మీ చేతులు ఫోటోలో పడుతున్నాయి."

ఇరవయ్యేళ్లుగా ఈ షెడ్డులో కొబ్బరి చెక్కుతున్న బుల్లెమ్మతో, నిన్నగాక మొన్న వచ్చిన రాజేంద్రప్రసాద్ అన్న మాట ఇది. ఆమె జరిగింది. ఆ చేతుల నిండా కత్తిగాట్లు, కొబ్బరినీళ్లకు నాని మానని పుళ్లు. అవి ఫోటోలో పడితే కంపెనీవారి దయాగుణం ఏమైపోవాలి!

మలికిపురం దారిలో ఉన్న కొబ్బరిపొడి కంపెనీకి ఈ వేసవిలో ఉన్నట్టుండి అమలాపురం పిల్లల మీద ప్రేమ పుట్టింది. ఖర్చు కంపెనీది, పిల్లల్ని పోగుచేసే పుణ్యం ఒక స్వచ్ఛంద సంస్థది. ఆ సంస్థ మనిషే రాజేంద్రప్రసాద్. ఇంటర్ మొదటి ఏడు పరీక్షలు రాసిన నలభై మందిని బస్సెక్కించి తెచ్చాడు. పదిహేడేళ్ల పిల్లల చేత కత్తి పట్టించి పని అంటే ఎవరైనా అడుగుతారు. అందుకని 'వేసవి నైపుణ్య శిక్షణ' అన్నారు. చిప్ప తీసిన కొబ్బరి మీది నల్ల తొక్క చెక్కడమే ఆ నైపుణ్యం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, రెండు నెలలపాటు, అదే.

పచ్చ టీషర్టులు, తెల్లటి మందపాటి గ్లౌజులు తొడిగి ఫోటో తీశారు. కెమెరా సంచిలోకి వెళ్లగానే రాజేంద్రప్రసాద్ అట్టపెట్టె పట్టుకుని వరస వెంట నడిచాడు.

"గ్లౌజులు ఇందులో వేసేయండమ్మా. కంపెనీ పెద్ద మేడం వచ్చినప్పుడు మళ్లీ కావాలి."

"మరి చెక్కేటప్పుడో సార్?" అని అడిగింది నాగదుర్గ. ఆటో నడిపేవాడి కూతురు, భయం తెలియని పిల్ల.

"చెక్కితే మాసిపోవూ?"

విన్నారుగా! వేళ్లు తెగినా ఫరవాలేదు, గ్లౌజులు మాయకూడదు.

పదో రోజున అభిషేక్ చూపుడువేలు ఎముక దాకా తెగింది. సూపర్‌వైజర్ మొదట నెత్తురు పడిన కొబ్బరిముక్క ఏరి పారేసి, ఆ తర్వాత వేలు చూశాడు. రాజేంద్రప్రసాద్ ప్లాస్టరు చుట్టి, "జాగ్రత్త కూడా ఒక నైపుణ్యమే బాబూ" అని ఉపదేశించాడు. అలాంటి నోటికి ప్లాస్టరు వేసేవాళ్లు లేకపోయారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర పిల్లలంతా ఒకచోట చేరారు.

"మానేద్దాంరా," అన్నాడొకడు.

"మానేస్తే సర్టిఫికెట్ ఇవ్వరు," అంది వాడి పక్కనున్న పిల్ల.

"సర్టిఫికెట్ ఏం చేసుకుంటాం? వేలికి చుట్టుకుంటామా?" అన్నాడు అభిషేక్.

బుల్లెమ్మ గిన్నె పట్టుకుని దగ్గరికొచ్చింది. "మీకెందుకమ్మా గొడవ? రెండు నెల్లుండి పోయేవోళ్లు. మేం ఎప్పుడో అడిగేం, ఆయ్. గ్లౌజులేసుకుంటే చెయ్యి ఆడదన్నారు."

"ఎవరన్నా ఏసుకుని చూసేరా పిన్నిగారూ?" అంది నాగదుర్గ.

బుల్లెమ్మ తన చేతులకేసి చూసుకుంది. "లేదమ్మా. ఎవరికీ ఇవ్వలేదు గదా."

ఇరవయ్యేళ్లు ఆ మాట నమ్మించారు. ఎంత సిగ్గులేని మనుషులో చూడండి.

"అయితే మేడం వచ్చిన రోజున ఏసుకుందాం," అంది నాగదుర్గ. "ఇంక తియ్యం." ఒక్కొక్కరే తలూపారు. అందరికన్నా ముందు ఊపినవాడు మానేద్దామన్నవాడే.

పెద్ద మేడం ఏసీ కారులో వచ్చింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "మీలో రేపటి నాయకులు కనిపిస్తున్నారు" అంది. తెలియక నిజం చెప్పింది. ఫోటో అయింది. అట్టపెట్టె వరస చివరిదాకా వెళ్లి ఖాళీగా వెనక్కి వచ్చింది.

"తీయండమ్మా," అన్నాడు రాజేంద్రప్రసాద్.

"తియ్యమండి."

నలభై మందీ గ్లౌజులతోనే కూర్చుని కత్తులు పట్టారు. చెక్కడం మొదలుపెట్టారు. చేతులు చక్కగా ఆడాయి. షెడ్డులోని ఆడవాళ్లంతా పని ఆపి ఆ చేతులనే చూశారు.

"అది కంపెనీ ఆస్తి! దొంగతనం కిందకొస్తుంది!" అని అరిచాడు రాజేంద్రప్రసాద్.

"దొంగలైతే పారిపోతారు సార్. మేం పని చేస్తన్నాం," అంది నాగదుర్గ.

కంపెనీవారి ఫోనందుకుని పోలీసు జీపు ఒక గేటులోంచి వచ్చింది, మేడం కారు ఇంకో గేటులోంచి పోయింది. నాయకులని పేరుపెట్టి నాగదుర్గనీ అభిషేక్‌నీ ఎక్కించారు. నేరం గ్లౌజుల దొంగతనం! దేశదేశాలకు కొబ్బరిపొడి పంపే కంపెనీ, రెండు జతల గుడ్డ తొడుగుల కోసం పసిపిల్లల మీద కేసు పెట్టింది. జీపెక్కే ముందు నాగదుర్గ తన గ్లౌజులు ఊడదీసి బుల్లెమ్మ చేతిలో పెట్టింది.

"ఏసుకుని చూడండి పిన్నిగారూ."

మర్నాడు పొద్దున్నే పగలగొట్టిన కొబ్బరి షెడ్డులో గుట్టగా పోసి ఉంది. మధ్యాహ్నం దాటితే పుల్లబడుతుంది. దాని చుట్టూ ఆడవాళ్లంతా కూర్చున్నారు, వాళ్ల వెనక మిగిలిన ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. ఎవరూ కత్తి ముట్టలేదు. గాట్లు పడిన ఉత్తచేతులు ముందుకు చాపి కూర్చున్నారు. పిల్లల గ్లౌజులన్నీ ముందురోజే లాగేసుకున్నారు; ఇప్పుడున్నది ఒక్క బుల్లెమ్మ చేతులకే.

"ఏంటిది?" అన్నాడు సూపర్‌వైజర్.

"గ్లౌజులండి. అందరికీ. ముందు ఆ పిల్లలిద్దర్నీ తీసుకురండి."

"కొబ్బరంతా పాడైపోద్దే!"

"ఆయ్. పాడైపోద్దండి," అంది బుల్లెమ్మ, ఎంతో మర్యాదగా.