వెనక వాకిట్లో మ్యాచింగ్ సెంటర్

"చొక్కా గుండీ ఊడింది, జర సూడు," అని భార్యతో అంటూ ఉపేందర్ చొక్కాను మంచం మీద పడేసి స్నానానికి పోయాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పక్క పొయ్యి మీద అత్తమ్మకు వేడినీళ్ళు కాగుతున్నాయి. వడ్ల సీజను కాబట్టి మధ్యాహ్నానికి మిల్లుకు పదిమందికి అన్నం పోవాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఇంటి కోడలంటే బంధువులంతా అదృష్టవంతురాలంటారు. ఆ అదృష్టవంతురాలు మంటలు తగ్గించి, సూదుల డబ్బా తీసుకుని కిటికీ దగ్గర నిలబడింది. కూర్చుంటే మళ్ళీ లేవాలి, ఎందుకొచ్చిన తిప్పలని నిలబడే కుడుతోంది.

హాల్లో ఒత్తులు చేసుకుంటున్న అత్తమ్మ అక్కడి నుంచే అన్నది. "నీరజా, ఈ నెల గూడ రాలే గదా నీకు? ఇగ పీడ వోయింది తియ్యి. కాటమ్మను రావొద్దని చెప్పిన."

సూది వేలికి గుచ్చుకుంది.

కాటమ్మ నెలకు మూడు రోజులు వచ్చి ఆ ఇంట్లో వంట చేసి పోయే మనిషి. ఆ మూడు రోజులూ నీరజ దూరం కూర్చుంటుంది. మిల్లులో కంప్యూటర్ కాంటా పెట్టారు, ఇంట్లో గదికొక ఏసీ పెట్టారు, ఆ పట్టింపు మాత్రం వదల్లేదు. వంటింట్లోకి రాకూడదు, దేవుడి గది వైపు తొంగిచూడకూడదు. మేడ మీది గదిలో చాప, చెంబు, కంచం విడిగా ఉంటాయి. హైదరాబాద్‌లో చదువుతున్న కూతురు అక్షిత ఫోన్ చేసినప్పుడల్లా మండిపడేది. "ఈ రోజుల్ల గూడ ఇదేంది మమ్మీ? నువ్వెట్ల ఒప్పుకుంటున్నవ్?"

నీరజ ఏం చెబుతుంది? ఆ మూడు రోజుల కోసం మీ అమ్మ నెలంతా ఎదురుచూస్తుంది బిడ్డా అని చెబుతుందా? ఇంకొకరు కాచిన చాయ్ వేడిగా తాగడానికి, మధ్యాహ్నం పూట కళ్ళు మూసుకోవడానికి, నీరజా నీరజా అనే పిలుపు లేకుండా ఒక పుస్తకం సగం చదవడానికి. అవమానం కాదా అంటే అవమానమే. మెట్ల దగ్గర కంచం పెట్టి అటు తిరిగి పోతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా నాలుగో రోజు తలస్నానం చేసి మెట్లు దిగుతుంటే, పెద్ద సెలవుల తర్వాత బడికి పోయే పిల్లకున్నంత దిగులుండేది. మూడు నెలలుగా ఆ రోజులు రావడం లేదు. డాక్టరమ్మ పరీక్షలు చేసి ఇక రావని చెప్పింది. రాత్రి ఆ మాట చెబితే ఉపేందర్ ఫోన్ లోంచి తల ఎత్తకుండానే, "మంచిదే గదా. ఇంట్లనే ఉంటవ్, నీకేం పని," అన్నాడు.

నీకేం పని! ఆ మాటను నీరజ పుట్టింట్లోనూ విన్నది. అక్కడ అది అమ్మను అనేవాళ్ళు.

సూర్యాపేటలో పాత బస్టాండు వెనక సందులో వాళ్ళ ఇంటి ముందుగదే దుకాణం. బోర్డు మీద 'ఆనందం మ్యాచింగ్ సెంటర్' అని ఎర్రక్షరాలుండేవి. ఆనందం అంటే నాన్న. ఆయన మార్కెట్లో గుమాస్తా. దుకాణంలో కూర్చునేదీ, సరుకు తెచ్చేదీ, బేరమాడేదీ అమ్మ స్వరాజ్యలక్ష్మి. పేరు మాత్రం ఆయనది, పెట్టినవాళ్ళకు పుణ్యం. అయిదడుగుల గదిలో గోడల నిండా దారపు రీళ్ళు, సీసాల్లో గుండీలు, అట్టలకు కుట్టిన హుక్కులు, లేసులు, జిప్పులు, చీర ఫాల్స్, పావడా బొందులు. బడి నుంచి రాగానే నీరజ గుండీల సీసాలో చేయి పెట్టి కదిపేది. ఆ చప్పుడంటే ప్రాణం. హుజూర్‌నగర్ పెళ్ళివాళ్ళు కూడా బస్సెక్కి వచ్చి, జాకెట్ ముక్క అమ్మ చేతిలో పెట్టేవాళ్ళు. అమ్మ దాన్ని గడప బయట ఎండలో పట్టుకుని చూసి, లోపలికొచ్చి తడుముకోకుండా రీలు తీసేది. రాత్రి దుకాణం కట్టేశాక వంట. వంటయ్యాక నానమ్మ కాళ్ళు పిసకడం. "కూసొని సంపాదిస్తున్నవ్, నీకేం పని," అనేది నానమ్మ.

నెలకు మూడు రోజులు అమ్మ గల్లాపెట్టె ముట్టకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుందట. అప్పుడు నాన్న పనికి సెలవు పెట్టి దుకాణంలో కూర్చునేవాడు. ఆ మూడు రోజులూ చూడాలి సందులో సంబరం. ఆడవాళ్ళు వచ్చి, గల్లా దగ్గర మీసాలు కనబడగానే అక్కడే ఆగిపోయేవాళ్ళు. పావడా బొందు కావాలని ఆయన్ని ఎట్లా అడుగుతారు? లోపలి బాడీలకు హుక్కులెట్లా అడుగుతారు? "ఒక పిన్నీసు ఇయ్యి అన్నా," అని ఏదో కొని, పక్క సందులోంచి తిరిగి వెనక వాకిట్లోకి వచ్చేవాళ్ళు. అక్కడ జామచెట్టు కింద చాప మీద అమ్మ ఉండేది. రామా గ్రీన్ అడిగితే మీ ఆయన చిలకపచ్చ ఇచ్చిండు వదినా అని ఒకరు, లేసు కొలవమంటే మమ్మల్నే చూపులతో కొలుస్తడని ఇంకొకరు. నవ్వులు. అమ్మ "దాని పక్కది తే బిడ్డా" అంటే నీరజ ముందుకూ వెనక్కూ ఉరికేది. నవ్వులు తగ్గాక కొందరు ఉండిపోయేవాళ్ళు. జాకెట్‌కు హుక్కులన్నీ ఒక్కసారే ఎట్లా తెగాయని అమ్మ అడిగేది కాదు. వాళ్ళ భుజం మీద తన కొంగు కప్పి, అక్కడే కుట్టి పంపేది. అమ్మ ముఖం అంత తేటగా మిగిలిన నెలంతా ఎన్నడూ కనబడేది కాదు.

నీరజకు పదేళ్ళప్పుడు, అమ్మ అట్లా దూరం ఉన్న రోజు ఒకటి. వంటింటి వైపు ఎవరూ లేని వేళ అమ్మ వంటింట్లోకొచ్చి ఆవకాయ జాడీలో చేయి పెట్టి, అన్నం కలిపి ముద్ద పట్టుకొచ్చింది. ముట్టుకుంటే జాడీ మొత్తం బూజు పడుతుందని పిల్లకు నూరిపోశారు కదా. నీరజ రెండడుగులు వెనక్కి దూకింది. "ఛీ, మైల!"

అమ్మ చేయి అట్లాగే గాలిలో ఆగింది. గొంతు తగ్గించి చెప్పింది. "పచ్చడికేం గాదు బిడ్డా. ఈసారి నాకు ముట్టు రాలే. నడుము పడిపోతాంది. గిట్ల చెప్తెనే మీ నాన్న నన్ను కూసోనిస్తడు. ఎవ్వరికి చెప్పకు."

నీరజ చెప్పలేదు. ముద్ద తిన్నది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది, దుకాణం సెల్‌ఫోన్ల షాపయింది, ఇవాళ్టికీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ అమ్మ తెలివికి లోలోపల మురిసిపోయింది. ఎంత చక్కగా బోల్తా కొట్టించింది అందరినీ అనుకునేది. ఇప్పుడు వేలి మీద నెత్తురు బొట్టు చూస్తుంటే మురిపెం రాలేదు. కాసేపు నడుం వాల్చడానికి ఆ తల్లి కన్నకూతురితో ఛీ అనిపించుకుంది. ఆ ముఖం గుర్తొచ్చి నీరజకు దుఃఖం పొంగుకొచ్చింది. తను కూడా పాతికేళ్ళుగా ఆ మైల చాటునే కదా కూర్చున్నది.

దారం పళ్ళతో తెంపి, చొక్కా తగిలించి, రెండు పొయ్యిలూ ఆపేసింది. హాల్లోకి వచ్చేసరికి అత్తమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏమాయె, గట్ల నిలబడ్డవ్? మళ్ళ వచ్చిందా ఏంది? కాటమ్మకు ఫోన్ జెయ్యాల్నా?"

అడగకుండానే అబద్ధం చేతికందింది. ఊ అంటే చాలు, మూడు రోజులు మేడ మీదికి పోవచ్చు. వచ్చే నెల ఇంకో ఊ. అట్లా ఒక ఏడాది గడుస్తుంది.

"రాలే అత్తమ్మా. ఇగ రాదు గూడ," అన్నది నీరజ. "అయినా కాటమ్మకు ఫోన్ జెయ్యిండి. మూడు రోజులు నేను వంటింట్లకు రాను."

"రాలేదంటున్నవ్, మళ్ళ వంటింట్లకు రానంటున్నవ్. ఏం మాటలే ఇవి?"

నీరజ అత్తమ్మ ఎదురుగా, సోఫాలో, వీపు ఆనించి కూర్చుంది.

"కూసోవాల్నంటే మైలపడాల్నా అత్తమ్మా? అలసిపోతే సాలదా?"