బొటనవేలు నొక్కిన పెళ్లి

మార్కాపురంలో పెళ్లి ఫొటోలంటే అస్లాం పేరే చెబుతారు. అలాంటివాడి కెమెరా సరిగ్గా పెళ్లి ముందురోజు మొరాయించింది. పిల్లనిస్తున్న పుల్లయ్యది కొనకనమిట్ల దగ్గర పల్లె, పెళ్లి అక్కడే. ముహూర్తం ఎవరికోసమూ ఆగదు కదా. గత్యంతరం లేక చెల్లెలు గుల్నాజ్ కెమెరా అడిగాడు.

గుల్నాజ్ కంభం చెరువు గట్టున తిరిగి పక్షుల ఫొటోలు తీస్తుంది. ఎగిరే కొంగను పట్టబోతే ఫోకస్ పోయి వెనకాల జమ్ము గడ్డి మీద పడుతోందని, సెట్టింగుల్లోకి వెళ్లి బటన్ల పనులన్నీ మార్చేసుకుంది. క్లిక్ బటన్ ఇక ఫొటో మాత్రమే తీస్తుంది. ఫోకస్ చేసే పని కెమెరా వెనక, బొటనవేలి కిందుండే బటన్‌కు అప్పజెప్పింది.

"భాయ్, బటన్లన్నీ మార్చినా. ఒక్క నిమిషం ఉండు, చూపిస్తా."

"తాతకు దగ్గులు నేర్పుతావా? నువ్వు పలక పట్టకముందే నేను కెమెరా పట్టినా," అంటూ అస్లాం బండి స్టార్ట్ చేశాడు.

దారిలో టైరు పంచరైంది. పందిట్లోకి పరుగెత్తేసరికి వధూవరుల మధ్య తెర దించేస్తున్నారు. రాజేష్, అరుణ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. అస్లాం క్లిక్ నొక్కాడు. పెళ్లికూతురు పొగమంచులో కూర్చున్నట్టు వచ్చింది. కంగారుగా ఇంకో బటన్ నొక్కాడు. పురోహితుడి ముక్కు స్క్రీన్ నిండా నిలబడింది. మరొకటి నొక్కితే పెళ్లంతా నలుపు తెలుపైపోయింది.

"ఏంది బాబూ, తీస్తాండావా లేదా? పిల్లోళ్ల చేతులు పడిపోతాండాయి," అన్నాడు పుల్లయ్య.

"అయిపాయె చిన్నాయనా! అమ్మా, అన్నా, చేతులు అట్లనే పెట్టుకోండి!"

అస్లాం గుల్నాజ్‌కు ఫోన్ కలిపి, ఫోకస్ పడటం లేదని అరిచి, స్పీకర్ పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మేళం దద్దరిల్లుతోంది. సంగతి అర్థమైన గుల్నాజ్ అవతల నుంచి గొంతు చించుకుంది.

"బొటనవేలు! బొటనవేలు నొక్కు భాయ్! గట్టిగా! వదలొద్దు!"

మేళం హోరులో రాజేష్‌కు 'భాయ్' వినపడలేదు, మిగతాదంతా వినపడింది. ఈ రోజుల్లో పెళ్లికొడుక్కి పురోహితుడి మంత్రం కన్నా ఫొటోవాళ్ల మాటే వేదం. చేతులు రెండూ అరుణ నెత్తిన ఉన్నాయి. అందుకని కాలు చాచి ఆమె కాలి బొటనవేలు గట్టిగా తొక్కిపట్టాడు.

"ఓయమ్మా!" అని అరుణ కెవ్వుమంది. "ఏంది నీ పని? కాలు తియ్!"

"ఫొటో కోసమంట. వదలొద్దన్నారు," అన్నాడు రాజేష్, చాలా బుద్ధిగా.

అరుణకు నవ్వాగలేదు. తనూ రెండో కాలితో అతని వేలు తొక్కింది. పందిరంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే అస్లాం బొటనవేలికి అసలు బటన్ తగిలింది. స్క్రీన్ మీద ఫోకస్ చూపే పచ్చటి చిన్న డబ్బా అరుణ కళ్ల మీద వాలి కదలకుండా కూర్చుంది. అతను ఆపకుండా క్లిక్కులు కొట్టాడు.

మరుసటి వారం పుల్లయ్య అస్లాం ఫొటో దుకాణానికి వచ్చి, ఆ నవ్వే ఫొటోనే హాల్లో పెట్టుకోవడానికి పెద్దది చేయించమన్నాడు. "ఇంత బాగా ఎట్ల నవ్విచ్చినావప్పా?" అని అడిగితే, అస్లాం గుల్నాజ్ వైపు చూసి, "అనుభవం," అన్నాడు. గుల్నాజ్ తలెత్తకుండా కెమెరాలో పురోహితుడి ముక్కు ఫొటో ఒకటి తెరిచి అన్న ముందుకు జరిపింది.

ఆ తర్వాత గిద్దలూరులో ఒక పెళ్లికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఫొటోలు గుల్నాజ్ తీసింది. అస్లాం లైటు పట్టుకున్నాడు. లైటుకు ఒకటే బటన్.