మూడుదినముల పొగమంచు

హేమంతశీతము సడలి ద్రాక్షతోటలయందు లేజిగుళ్లు తొంగిచూచుచుండగా బుర్గుండీదేశపు కొండలనడుమ తెల్లని సున్నపురాతితో నిర్మింపబడిన బెనెడిక్టుసన్న్యాసుల మఠదేవాలయము బాలభానుకిరణములందు దడిసి నవనీతవర్ణమున వెలుగుచుండెను. నూరేండ్లనాటి గర్భాలయమునకు బశ్చిమమున నూతనమండపమును గట్టినవాడు 'ఒడిలో' యను పేరుగల సన్న్యాసిశిల్పి. పదునాలుగేండ్ల శ్రమానంతరము నాడు రెంటినడుమనున్న అడ్డుగోడను దీసివేయగా గర్భాలయమున నిలిచి చూచిన యతనికి దోషము కంటబడెను. మండపము దక్షిణమునకు వంకరపోయినది!

తప్పు తనదే. పునీత బెనెడిక్టు పండుగనాటి సూర్యోదయదిక్కునకు ద్రాడు లాగి పునాది గీయుట యామఠపు టాచారము. పునాది వేసిన యేడు వసంతారంభమున నా పండుగ మొదలు మూడుదినములు పొగమంచు గ్రమ్మెను. ఓపికలేని ఒడిలో నాలుగవనాటి యుదయమున ద్రాడు లాగెను. సూర్యుడు వానికొరకు గూర్చుండునా? అప్పటికే యుత్తరమునకు జరిగిపోయెను. త్రాటి తూర్పుకొన యుత్తరమునకు జరుగగా పడమటికొన దక్షిణమునకు దిరిగెను.

"గోడలు పడగొట్టవలయునో లేదో రేపు నిశ్చయింతము" అని పలికి మఠాధిపతి వెడలిపోయెను.

ఒడిలో కాళ్లీడ్చుకొనుచు ముంగిలి కావల నైరృతిమూలనున్న రోగిశాలకు బోయెను. అతనికి విద్యగరపిన వృద్ధగురువు గీబెర్టు పక్షవాతపీడితుడై యారేండ్లుగా నచట మంచము పట్టియుండెను.

"తండ్రీ! మీ పేరు చెడగొట్టితిని" అని శిష్యుడు వెక్కివెక్కి యేడ్చెను.

ముసలివాడా మాట వినలేదు. కిటికీవైపు చూచుచు "నాయనా! ఆ యెర్రని వెలుగేమి?" అని యడిగెను.

ఒడిలో తిరిగిచూచెను. ముంగిలి దాటి పశ్చిమద్వారముగుండ మండపపు జీకటి నంతయు గడచి గర్భాలయమందలి యఖండదీపము సూటిగా గానవచ్చుచుండెను. త్రాడు తప్పకున్నచో నా ద్వారము రోగిశాలవైపు తిరిగియుండెడిదే కాదు.

"ఆరేండ్లు గంట విని ప్రార్థించితిని. నేడు దేవుని దీపమును గన్నులార జూచితిని" అని గీబెర్టు పసివానివలె నవ్వెను.

మరునాడు సంగతి విని మఠాధిపతి స్వయముగా వచ్చి ముసలివాని దిండుప్రక్కన తలవంచి కిటికీగుండ నా దీపమును చాలసేపు చూచెను. పిదప గన్నులు తుడుచుకొని కఠినముగా బలుక బ్రయత్నించుచు "గోడలు నిలుచుగాక! ఒడిలో! నీ తొందరపాటునకు శిక్ష యిది. నేటినుండి యా దీపమునకు నూనె పోయువాడవు నీవే. ఆరనిచ్చితివో చూడుము!" అనెను.

రెండేండ్లకు గీబెర్టు వేకువవేళ నా దీపమును జూచుచునే కన్నుమూసెను. ఆ క్షణమున ఒడిలో గర్భాలయమున నిలిచి దానియందు నూనె పోయుచుండెను.