తెల్లమచ్చ

రేపల్లె దగ్గరి పల్లెలో ఆటో నడుపుకునే సీమోను భార్య సారా. వరి నూర్పిళ్లకు వెళ్లినప్పుడు ఆమె కుడికంట్లో వడ్ల నూగు పడింది. నీళ్లతో కడుక్కుని మళ్లీ పనిలో దిగింది. తెల్లారేసరికి కన్ను చింతనిప్పులా ఉంది. సీమోను మందుల షాపులో అడిగి చుక్కల మందు తెచ్చి వేశాడు. సాయంత్రానికి ఎరుపు తగ్గింది.

"చల్లగా ఉందయ్యా," అంది సారా. గండం గడిచిందనుకున్నారు.

వారం తిరక్కుండా నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుండేది. సీమోను ఆమెను రైల్లో తెనాలి తీసుకెళ్లాడు. కంటి డాక్టరు జ్యోత్స్న మచ్చను సన్నగా గీకి, ఆ కాస్తా మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది.

"ఇది బూజండి, ఫంగస్. వడ్ల నుంచి, గడ్డి నుంచి వస్తుంది. మీరు వేసిన మందులో స్టెరాయిడ్ ఉంది. పైకి ఎరుపు తగ్గించి లోపల బూజుని పెంచింది."

"నేనే వేశానండి," అన్నాడు సీమోను.

"తెలియక వేశారు. ఇక ఈ మందు గంటగంటకీ వెయ్యాలి, రాత్రిళ్లు కూడా."

ఆటో ఇంటిముందే ఉండిపోయింది. ఫోనులో అలారం మోగినప్పుడల్లా సీమోను చేతులు కడుక్కుని ఆమె రెప్ప విప్పేవాడు. మందు మండేది. సారా మంచంపట్టె పట్టుకుని ఓర్చుకునేది.

"తగ్గిందా?" అని అడిగేది.

"కొంచెం తగ్గినట్టే ఉంది," అనేవాడు. మచ్చ పెరుగుతూనే ఉంది. చర్చిలో అందరూ ఆమె కోసం ప్రార్థన చేశారు. మోకరిల్లిన సీమోనుకి ఏం అడగాలో కూడా తోచలేదు.

చివరికి నల్లగుడ్డుకి చిల్లు పడింది. చనిపోయినవాళ్లెవరిదో దానంగా వచ్చిన కంటిపొర తెచ్చి ఆసుపత్రిలో కుట్టారు. డాక్టరు చూపిన వేళ్లు సారా లెక్కపెట్టింది. మొగుడి చొక్కా రంగు చెప్పి నవ్వింది. ఆ సంబరం నిలవలేదు. కొత్త పొర అంచున మళ్లీ తెలుపు కనబడింది.

"లోపలిదాకా పాకిందండి. చూపు ఇక రాదు. నొప్పి ఆగాలంటే కన్ను తీసెయ్యాలి," అంది జ్యోత్స్న.

"నాది ఒకటి తీసి పెట్టండి మేడమ్," అన్నాడు సీమోను.

"బతికున్నవాళ్ల కన్ను తియ్యమండి. తీసి పెట్టినా, ఆ బూజు దాన్నీ తినేస్తుంది."

సీమోను ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆపరేషనయ్యాక కట్టుతో పడుకున్న సారా, భర్త అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"తీసేశారా?"

"తీసేశారు."

"నొప్పి లేదయ్యా," అని మాత్రం అని, అలాగే నిద్రలోకి జారుకుంది. ఇన్ని వారాల్లో ఆమె ఇలా ఒళ్లెరగకుండా నిద్రపోవడం ఇదే మొదలు. అందుకు సంతోషించాలో, ఏడవాలో సీమోనుకి తెలియలేదు. జారిన దుప్పటి ఆమె భుజందాకా లాగి, పక్కనే కూర్చున్నాడు.