లేవనివాళ్ల గంట

సగం మెట్లు ఎక్కేసరికి గంటతాతకు ఆయాసం వచ్చింది. రాదా మరి, మోకాళ్లకూ ఆయన వయసే కదా! చీకట్లో ఎడమ చెయ్యి గోడ మీద వేసి, కుడి చెయ్యి మోకాలి మీద ఆనించి, ఒక్కో మెట్టునూ బతిమాలుకుంటూ ఎక్కుతాడు. దీపం తీసుకెళ్లడు. ఆ గోడకు ఆయన అరచెయ్యి తెలుసు. ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని గోడ పొడుగునా నున్నటి చార ఒకటి పడింది. ఎన్నిసార్లు సున్నం వేయించినా నెల తిరక్కుండా ఆ చార మళ్లీ తేలేది.

గంటమేడ అంటే అదేదో ఆకాశాన్నంటే కట్టడం కాదు. ప్రార్థన మందిరానికి ఓ పక్కన నిలబెట్టిన ఇటుకల గొట్టం. లోపల సుడి తిరిగిన మెట్లు, మధ్యలో చిన్న కిటికీ, కిటికీ కింద కాస్త వెడల్పాటి మెట్టు. దానికి తాత పెట్టుకున్న పేరు ఆయాసం మెట్టు. అక్కడ కూర్చుని, ఊపిరి సర్దుకుని, "పదవోయ్" అని తనను తానే అదిలించుకుని మళ్లీ లేస్తాడు.

పైన గదిలో తాడు వేలాడుతోంది. చేతులు కోసుకుపోకుండా దాని కొసకు తన పాత చొక్కా చెయ్యి ఒకటి చుట్టి కుట్టాడు. మణికట్టు దగ్గరి బొత్తాం తియ్యడం మరిచాడో, బద్ధకించాడో, అది అలాగే ఉండిపోయింది. తాడు కదిలినప్పుడల్లా ఆ తెల్ల బొత్తాం గోడకు తగిలి టక్కుమంటుంది.

లాగాడు. గంటను చేతులతో లాగరు, ఒళ్లంతా వేలాడేసి లాగుతారు. వదిలితే తాడే మనిషిని మునివేళ్ల మీద నిలబెడుతుంది. ఆ మోత ఊరి కప్పుల మీదుగా దొర్లుకుంటూ పోయింది. రొట్టెల దుకాణం మేడ మీద దీపం వెలిగింది. తర్వాత వీధిలో ఒక్కో కిటికీ పసుపురంగుకు తిరిగింది.

అక్కడికి పని అయిపోయినట్టే. కానీ తాత ఇంటికి పోడు. దిగి ఆయాసం మెట్టు మీద కూర్చుంటాడు. బద్ధకం మనిషి పక్క మీద అటూ ఇటూ ఒత్తిగిలి, దుప్పటి ముసుగేసుకుని, ఆ ముసుగులోనే తనను తాను తిట్టుకునేంత సేపు కూర్చుంటాడు. తర్వాత మళ్లీ ఎక్కి, తాడును సగంలో ఆపి పట్టుకుని, గంట నాలుక తగిలీ తగలనట్టు ఒక్కసారి తగిలిస్తాడు. ఠుమ్. అంతే.

ఊళ్లో దానికి "గంట దగ్గు" అని పేరు.

ఎప్పుడో ఒకసారి తాత జ్వరంతో పడుకుని, తెల్లారిపోతుండగా ఉలిక్కిపడి లేచి, సిగ్గుతో చచ్చి సగమై, వినపడీ వినపడనట్టు కొట్టాడు. ఇక ఎవరొస్తారులే అనుకున్నాడు. వచ్చారు. రోజూ ముందు వరసలో కూర్చునేవాళ్లు కాదు, ఎప్పుడూ గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్లు వచ్చారు. అప్పటి నుంచీ ఆ రెండో గంట తాత సొంత పద్దు. ఎవరూ చెయ్యమనలేదు, మానమనీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు టీ గిన్నె దించుతోంది. భర్త పోయాక అన్న దగ్గరికే వచ్చేసిన మనిషి, నోరు ఊరుకోదు.

"ఆ రెండోసారి ఎక్కడం దేనికన్నయ్యా? పిల్లి గిన్నె తన్నినట్టుంటుంది. అంత మోతకి లేవనివాళ్లు దగ్గితే లేస్తారా?"

"నువ్వు లేవట్లా?"

చెల్లెలు గ్లాసు కాస్త గట్టిగానే పెట్టింది. "నా సంగతి వేరు. నాకు నడుం నొప్పి."

"అందరిదీ వేరేనమ్మా," అన్నాడు తాత టీ ఊదుకుంటూ.

పొద్దెక్కాక మందిరం ఊడ్చాడు. చీపురుతో మూలలు ముందు, మధ్య తర్వాత. బల్లలు తుడిచాడు, నీళ్ల పీపా నింపాడు. ప్రార్థన చేయించే పెద్దాయన ఎత్తు గద్దె మీద పుస్తకం సర్దుకుంటూ, ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకున్నాడంటే చెప్పడానికి ఏదో ఉన్నట్టు.

"తాతా, రొట్టెల దుకాణం పిల్ల వారమైంది రాక. ఎల్లుండి కదా ఆ నర్సు చదువుకి ప్రవేశ పరీక్ష?"

"ఎల్లుండే."

"దానికి కూర్చోనంటోందట. దేవుడికి మాట తప్పాను, ఇక నాకు చదువెందుకు అంటోందని వాళ్లమ్మ ఏడుస్తోంది. తెల్లారగట్ల గంటతో లేవండి, ప్రార్థన చేసుకోండి, ఎండ వచ్చేదాకా చదువుకోండి అన్నాను. పిల్లలందరికీ అదే చెప్పాను. అందులో ఎక్కువేమన్నా ఉందా?"

"ఏం లేదయ్యా. మీరు గుప్పెడిచ్చారు. ఆ పిల్ల బస్తా నెత్తికెత్తుకుంది."

పెద్దాయన నవ్వాడు గానీ మొహం తేటపడలేదు. "నీ మాటైతే వింటుందేమో. నేను చెబితే ఇంకో తప్పు చేశాననుకుంటుంది."

ఎండ చల్లబడ్డాక తాత రొట్టెల దుకాణానికి వెళ్లాడు. పిల్ల బల్ల వెనకాల ఉంది. పదిహేడేళ్లది, పొడుగాటి జడ, పిండి అంటిన మోచేతులు. మనిషి ఉంది గానీ మొహంలో ఎవరూ లేరు. పక్కనే బస్తాలకు జారగిలబడి మెకానిక్ గారి అబ్బాయి కునుకుతున్నాడు. వాణ్ణి అందరూ కునికిపాటు అనే పిలుస్తారు. ఈ పిల్లా వాడూ పిల్లల ప్రార్థనలో ఒకే వరస. విద్యుత్తు పని నేర్చుకుని పట్టా తెచ్చుకోవాలని వాడి కోరిక.

"నిన్నటి రొట్టె ఉంటే ఇవ్వమ్మా. నా పళ్లకి కొత్తదీ పాతదీ ఒకటే."

పిల్ల రొట్టె కోసం వంగినప్పుడు అరలో చదువు పుస్తకం కనపడింది. లావుపాటి పుస్తకం. పక్కనుంచి చూస్తే అంచు రెండు రంగులుగా ఉంది. ముందు వేలెడంత మందం నల్లగా, చివికిపోయి, మూలలు మడతపడి ఉంది. మిగిలిందంతా దుకాణంలోంచి అప్పుడే తెచ్చినంత తెల్లగా.

"ఇదేంటమ్మా, సగం కాలిన రొట్టెలా ఉంది?"

కునికిపాటు ఒక కన్ను తెరిచాడు. "దాని రూలు తాతా అది. ఒక్కరోజు గంటకి లేవకపోతే, ప్రార్థన పుస్తకం మొదటి పేజీ నుంచి, పాఠాల పుస్తకం మొదటి పాఠం నుంచి. అన్నీ మళ్లీ మొదలు. ఎముకల పాఠం నిద్రలో అడిగినా చెప్తుంది. గుండె దాకా ఒక్కసారీ రాలేదు."

"నోర్ముయ్‌రా!"

"అబద్ధమా మరి? నీకు గుండె ఉందో లేదో నీకే తెలీదు."

"మాటిచ్చాను తాతా," అంది పిల్ల. "దేవుడి ముందు నిలబడి చెప్పాను. తెగితే మొదట్నుంచి అని. ఐదుసార్లో ఆరుసార్లో తెగింది. అమ్మకి ఒంట్లో బాగోక ఒకసారి, పిండి పని ఉండి ఒకసారి, ఊరికే నిద్రపోయి ఒకసారి. ఇంకేం మొహం పెట్టుకుని అడగను ఆయన్ని? వద్దనేగా దాని అర్థం!"

తాత రొట్టె సంచిలో పెట్టుకున్నాడు. "సాయంత్రం గంటకి నాతో పైకి రండి ఇద్దరూ. నా మోకాళ్లు ఇవాళ మాట వినట్లేదు. పుస్తకం కూడా తే, దుకాణంలో ఎలకలు కొడతాయి."

తాత అడిగితే కాదనేవాళ్లు ఎవరు? వచ్చారు. ముందు తాత, వెనక పిల్ల, ఆ వెనక ఆవులిస్తూ కునికిపాటు. ఆయాసం మెట్టు దగ్గర తాత కూలబడ్డాడు. ఈసారి నిజంగానే ఎక్కువసేపు పట్టింది ఊపిరి దారిలో పడడానికి. కిటికీలోంచి ఎర్రటి వెలుగు ఆయన చెవుల మీద పడింది. తర్వాత లేచి, గోడ పట్టుకుని, పైకి కాదు, కిందికి దిగడం మొదలుపెట్టాడు.

"తాతా, ఎక్కడికి?"

"కిందికి."

"గంట పైనుందిగా!"

"ఏం చెయ్యనమ్మా, మధ్యలో ఆగిపోయాను. మొదటి మెట్టు నుంచి రావాలిగా మళ్లీ." ఇంకో మెట్టు దిగాడు. "మీరు పదండి. నేను ఇలా ఎక్కుతూ దిగుతూ ఎప్పటికో వస్తా. ఊరివాళ్లని కాస్త ఆగమని చెప్పు."

కునికిపాటు పకపకా నవ్వాడు. పిల్లకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

తాత మళ్లీ పైకొచ్చి పక్కన కూర్చున్నాడు. కిటికీలో వెలుగు తగ్గేదాకా మోకాళ్లు రాసుకున్నాడు.

ఈయనకూ ఒకప్పుడు పద్నాలుగేళ్లు ఉన్నాయి. గద్దె ఎక్కి అందరికీ పవిత్ర గ్రంథం చదివి వినిపించాలని ఉండేది. పశువుల వెనక నడుస్తూ, గుడ్డలు ఉతుకుతూ చదివేవాడు. తీరా గద్దె ఎక్కిన రోజున రెండో వాక్యం దగ్గర గొంతు విరిగి కోడిపుంజులా కూసింది. జనం నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. ఆయన పరిగెత్తి బయటికొచ్చి, ఆ గుమ్మం మళ్లీ తొక్కలేదు. రావొద్దని ఎవరూ అనలేదు. దేవుడసలే అనలేదు. అంతా తనే అనుకున్నాడు. అలా అనుకుంటూనే ఇటుకలు మోశాడు, పెళ్లి చేసుకున్నాడు, పెళ్లాన్ని మట్టిలో పెట్టాడు. జుట్టు నెరిశాక ఓ రోజు వానకు తడవకుండా మందిరం వసారాలో నిలబడితే, అప్పటి పెద్దాయన నువ్వెవరని అడగలేదు, ఎక్కడికి పోయావనీ అడగలేదు. "కాస్త ఈ తాడు పట్టుకుంటావా, నా భుజం నొప్పిగా ఉంది," అన్నాడు. అంతే. ఇదంతా పిల్లకు చెప్పాలని తాతకు తోచలేదు. చెప్పడానికి అదేం గొప్ప కథని!

"దేవుడికి మాటివ్వడం మంచిదే," అన్నాడు చివరికి. "తెగితే మొదట్నుంచి అనే షరతు మాత్రం ఆయనది కాదు, నీది. నువ్వు పెట్టుకున్నదాన్ని నువ్వు తీసుకుంటే ఆయన కొంప ఏం మునగదు. తెల్లారి రెండోసారి నేను ఎందుకు కొడతాననుకున్నావ్?"

"అలవాటుగా అనుకున్నాం."

"పెద్దది లేచినవాళ్లకి. చిన్నది లేవనివాళ్లకి. అది విన్నాక వచ్చినా గుమ్మం తెరిచే ఉంటుంది. నేనే తీస్తాగా, నాకు తెలీదా!"

పైకెక్కాక పిల్ల చేతే గంట కొట్టించాడు. ఆ పిల్ల మునివేళ్ల మీద లేచిపోయి కెవ్వుమంటే, "అదీ!" అన్నాడు. తర్వాత తాడు కొసలోంచి రెండు నారపోగులు పీకి, చెరొకటి ఇచ్చాడు.

"ఎక్కడ ఆగితే అక్కడ పెట్టుకోండి. తెల్లారి వేలు అక్కడే పెట్టాలి. వెనక్కి తిప్పారో, గంట మీ నెత్తిన కొడతా."

పిల్ల నల్లటి పేజీలన్నీ ఒక్క చేత్తో అవతలికి వేసి, తెల్ల పేజీల మొదట్లో పోగు పెట్టింది. ఆ పేజీలో గుండె బొమ్మ ఉంది.

"ఉందిరా," అంది కునికిపాటుతో. వాడు ఆవులింత ఆపుకుని తొంగిచూశాడు.

ఆ రాత్రి తాత రొట్టెను పాలలో నానబెట్టుకుని తిన్నాడు. ఎడమ భుజం లాగుతోందంటే చెల్లెలు నూనె రాస్తూ, "రేపన్నా ఆ దగ్గు మానెయ్ అన్నయ్యా," అంది. "చూద్దాంలే," అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారుజామున పెద్దగంట మోగింది. రొట్టెల దుకాణం మేడ మీద పిల్ల లేచింది. మొహం కడుక్కుని, ప్రార్థన చేసుకుని, నారపోగు దగ్గర పుస్తకం తెరిచింది. ఒక పేజీ అయింది. రెండో పేజీ సగంలో తల ఎత్తింది.

దగ్గు వినపడలేదు.

ఇంకాస్త ఆగింది. వీధిలో చీకటి పల్చబడుతోంది. కునికిపాటుది తెలుసుగా, పెద్దగంటకు వాడు దుప్పటి ముసుగేస్తాడు, చిన్నగంటకు తీస్తాడు. ఇప్పుడు ఆ ముసుగు కిందే ఉండిపోతాడు. పుస్తకం బోర్లించకుండా పోగు పెట్టి మూసి, చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తింది.

తాత ఆయాసం మెట్టు మీద ఉన్నాడు. గోడకు భుజం ఆనించి, తల కిటికీ వైపు వాల్చి, ఇంకో క్షణంలో "పదవోయ్" అని లేచేలాగే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తాతా అంది. మళ్లీ అంది. పక్కన కూర్చుని, నిన్న ఆయన కూర్చున్నంత సేపూ కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది.

కిందికి పరిగెత్తి అందరినీ పిలవాలి. మెట్ల వైపు ఒక అడుగు వేసి, ఆగి, కళ్లు తుడుచుకుని పైకెక్కింది. తాడును సగంలో పట్టుకుని, మెల్లిగా ఒక్కసారి వదిలింది. ఠుమ్.

దిగి పెద్దాయనను పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి తాతను దింపే ఏర్పాటు చూస్తుండగా మందిరం గుమ్మంలోకి కునికిపాటు వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, రొప్పుతూ. వాడి వెనక గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్లు నలుగురు. అందరికన్నా వెనక, నడుం పట్టుకుని, తాత చెల్లెలు.

"మోగిందిగా," అందామె అయోమయంగా పిల్లను చూస్తూ. "ఇప్పుడే మోగిందిగా దగ్గు!"

మర్నాడు పిల్ల పరీక్షకు వెళ్లింది. ఆ ఏడాది సీటు రాలేదు. ఎలా వస్తుంది, సగం పుస్తకం చూడందే? ఇంటికొచ్చి ఓ పూట ఏడ్చి, పోగు ఎక్కడుందో అక్కణ్ణుంచే తెరిచింది. మరుసటేడు వచ్చింది. సంచి సర్దుకుని వెళ్లే రోజున, తాత పోయినప్పటి నుంచీ తను మోసిన తాడు బాధ్యత కునికిపాటుకు అప్పగించింది. ఊరంతా నవ్విపోయింది గానీ, లేవనివాళ్ల సంగతి వాడికన్నా ఎవరికి తెలుసు? పెద్దగంట కొట్టి, దిగి, ఆయాసం మెట్టు మీద విద్యుత్తు పని పుస్తకం తెరుచుకుని కూర్చుంటాడు. తర్వాత మళ్లీ ఎక్కుతాడు.

వాడి తర్వాత ఇంకో పిల్ల, ఆమె తర్వాత ఇంకొకరు. ప్రతి ఒక్కరూ వెళ్లేటప్పుడు ఓ నారపోగు పీక్కుంటారు. కొస సన్నబడింది. చుట్టిన చొక్కా చెయ్యి రంగు వెలిసి, కుట్లు ఊడితే, తాత చెల్లెలు కూర్చుని మళ్లీ కుట్టింది. బొత్తాం మాత్రం తియ్యలేదు. తాడు కదిలినప్పుడల్లా ఆ తెల్ల బొత్తాం గోడకు తగిలి, టక్కుమని, ఇంకాసేపు ఊగుతూ ఉంటుంది.