మొదటి కేక

నేను ఒక దుర్భిణిని. బైనాక్యులరంటే తప్ప అర్థం కాని కాలం వచ్చింది కనుక ఆ పేరూ చెప్పేస్తున్నాను. రెండు గొట్టాలు, మధ్యలో తిప్పుకునే చక్రం, కుడి కంటి దగ్గర ఇంకో చిన్న చక్రం. ఇదీ నా రూపం. దేవుడిచ్చిన కళ్లు చాలవనుకునే మనుషుల కోసం ఎక్కడో చలిదేశంలో నన్ను తయారు చేశారు. పక్కనున్నవాళ్ల మొహం సరిగ్గా చూడని మనిషికి దూరంగా ఉన్నవాటి మీద అంత మోజెందుకో నాకిప్పటికీ తెలియదు.

మొదట ఒక ఓడ అధికారి మెడలో వేలాడాను. ఆయన నాతో సముద్రాన్ని చూసింది తక్కువ, పక్క ఓడలో ఏం వండుతున్నారో చూసింది ఎక్కువ. అంత జిహ్వచాపల్యం ఉన్నవాడు గనుకే విశాఖ రేవులో రెండు జాడీల ఆవకాయకు నన్ను ఇచ్చేశాడు. ఆ ఆవకాయ పెట్టింది నూకరత్నం. నన్ను మెడలో వేసుకున్నది మాత్రం ఆమె మొగుడు పోలారావు, రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపే సారంగు.

"ఇది సారంగుల సరుకే. నీ సేతిలో పడితే పులుసులో పడ్డట్టే," అన్నాడాయన మొదటి రోజునే. నా అద్దాలు తుడిచే పని మాత్రం ఆమెకు దక్కింది. ఓసారి తుడుస్తూ తుడుస్తూ తలకిందులుగా, పెద్ద అద్దాల వైపు నుంచి చూసింది. వాకిట్లో మీసం దువ్వుకుంటున్న పోలారావు చీమంత కనిపించాడు. నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. పాపం, నాలో ఆమె చూసింది అంతే. సరైన వైపు నుంచి ఒక్కసారైనా చూడాలని ఆమెకెంత ఉండేదో, తుడిచాక ఇంకాస్సేపు పట్టుకుని కూర్చునే ఆ చేతులను బట్టి నాకు తెలిసేది.

ఉద్యోగం అయిపోయాక పోలారావుకు పిట్టల పిచ్చి పట్టింది. భీమిలి దారిలో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ ఒకటుంది. చలికాలమంతా మన చెరువుల్లో, ఉప్పుటేరుల్లో తిని బలిసిన పిట్టలు ఫాల్గుణం రాగానే తీరం వెంబడే ఉత్తరానికి పోతాయి. వాటిని చూడడానికి ఆదివారాలు పొద్దున్నే ఓ గుంపు ఆ కొండెక్కుతుంది. గుంపుకు పెద్దదిక్కు కాలేజీలో పాఠాలు చెప్పే రెబెకా మేడమ్.

వాళ్లకో కట్టుబాటు ఉంది. ఆ పొద్దుటి మొదటి పిట్ట పేరు ఒక్కరే కేకెయ్యాలి. ఆ కేక పడేదాకా మిగతావాళ్లెవరూ దుర్భిణి కళ్లకు ఎత్తకూడదు. పేరు తప్పితే అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టాలి, మొదటి కేక ఇంకొకరికి వదిలెయ్యాలి. ఏళ్ల తరబడి ఆ కేక పోలారావుదే. కొండ దిగేటప్పుడు ఆయన నడక చూడాలి, పెళ్లికొడుకు కూడా చాలడు!

అలాంటి మనిషి కళ్లకు శుక్లాలు వచ్చాయి. తుఫానుకు జంకని సారంగు కంటి డాక్టరు టార్చిలైటుకు జంకాడు. "కంట్లో కత్తెట్టనిస్తానేటి?" అని ఆపరేషన్ మాటే ఎత్తనిచ్చేవాడు కాదు. సంగతి ముందు నాకే తెలిసింది. నా చిన్న చక్రాన్ని చివరంటా తిప్పేసి, "మంచు ఎక్కువయిపోతంది" అని గొణిగేవాడు. పక్కింటి మేకను "బావా, ఎప్పుడొచ్చినావు?" అని పలకరించిన రోజున నూకరత్నానికీ తెలిసిపోయింది.

పరువు పోతే మొగుడు ప్రాణం పోయినంత పని చేస్తాడని ఆమెకు తెలుసు. అందుకే టీ ఫ్లాస్కు వంకతో తనూ కొండెక్కడం మొదలుపెట్టి, ఒక ఉపాయం పన్నింది. ఆయన పక్కన నిలబడి వట్టి కళ్లతో చూసి, చెయ్యి గిల్లుతుంది. ఒక గిల్లు గద్ద, రెండు గిల్లులు కొంగ, గోకితే చిన్నపిట్టల గుంపు. కళ్లున్న ఆమెకు దుర్భిణి లేదు, దుర్భిణి ఉన్నాయనకు కళ్లు లేవు. మనుషుల పంపకాలు ఎప్పుడూ ఇంతే!

ఒక ఆదివారం ఆయన మోచేతి మీద గండుచీమ కుట్టింది.

"గద్దో!" అని కొండ దద్దరిల్లేలా అరిచాడు. అందరూ దుర్భిణులెత్తారు. ఆకాశం ఖాళీ. "మీరు తలెత్తేలోగానే కొండెనక్కి పోనాది," అన్నాడు గంభీరంగా. నూకరత్నం దగ్గు తెరలో నవ్వు దాచుకుంది. రెబెకా మేడమ్ మాత్రం ఆయన కళ్లవైపు ఒక క్షణం ఎక్కువే చూసింది.

మరుసటి ఆదివారం దక్షిణాన, సముద్రం మీద, చుక్కల గీత ఒకటి కనబడింది. పెద్ద గుంపే. అందరూ మునివేళ్ల మీద లేచారు. దుర్భిణులు మాత్రం గుండెల మీదే ఉన్నాయి.

"పోలారావుగారూ, తొందరగా చెప్పండి. వెళ్లిపోతాయి," అంది రెబెకా మేడమ్.

నూకరత్నం గిల్లలేదు. ఆయన చెవిలో, "మావా, మరీ దూరం. సుక్కల్లాగున్నాయి. నాకూ తెల్డం లేదు," అంది.

పోలారావు చెమటలకు నా తోలుపట్టీ తడిసిపోయింది. ఏదో ఒక పేరు అరవొచ్చు, నిజమైతే మీసం నిలబడుతుంది. పేరు నోటిదాకా వచ్చింది. తర్వాత నన్ను మెడలోంచి తీసి నూకరత్నం మెడలో వేశాడు.

"నాకు కళ్లు ఆనడం లేదండి," అన్నాడు అందరికీ వినబడేలా. "రెండేళ్లయి ఇదే సూసి సెప్తంది. మొదటి కేక దీనిదే."

అన్నేళ్లలో మొదటిసారి ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది.

నూకరత్నం నన్ను కళ్లకు ఎత్తింది. అంతా మసక. ఆమె వేలు తడుముకుంటూ చిన్న చక్రాన్ని పట్టుకుంది, వెనక్కి తిప్పింది. ఫ్లెమింగోలు! చాచిన మెడలు, వెనక్కి సాగిన కాళ్లు, రెక్కెత్తినప్పుడల్లా కింద కుంకుమ ఆరబోసినట్టు ఎరుపు. ఆమె కనురెప్పలు నా అద్దానికి తగిలాయి, తడిగా.

"ఏటే? ఏటవి?" అన్నాడు పోలారావు.

"ఏమిటమ్మా?" అంది రెబెకా మేడమ్.

ఆమె గుంపుతో పాటు మెల్లగా నన్నూ తిప్పింది. కట్టుబాటు కట్టుబాటే కదా, అందరూ దుర్భిణులు చేత్తో పట్టుకుని గుటకలు మింగుతూ నిలబడ్డారు. ఆఖరి పిట్ట కూడా ఉత్తరాన కొండమలుపు దాటాకే ఆమె నన్ను దించింది.

"ఫ్లెమింగోలు," అంది మామూలు గొంతుతో.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!" రెబెకా మేడమ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"ఏటీ అనుకోకండి మేడమ్. ఒక్కపాలి నేనొక్కదాన్నే సూసుకోవాలనిపించింది."

పోలారావు రాతి మీద కూలబడ్డాడు. "ఎలగున్నాయే? నాకైనా సెప్పవే," అన్నాడు చిన్నగా.

"సెప్పను. సెప్తే సూసేసినట్టే కులాసాగా కూకుంటావు," అంది నూకరత్నం ఫ్లాస్కు సర్దుకుంటూ. "కన్ను బాగు సేయించుకో. వచ్చే ఏడు నువ్వే సూద్దువుగాని."

ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, రెబెకా మేడమ్ ఏ దిక్కున ఉందో పోల్చుకుని అటు తిరిగాడు.

"మేడమ్," అన్నాడు, "ఆ కత్తెట్టినప్పుడు నొప్పెడతాదేటండి?"