పక్క సీటు పెడళ్లు

అన్న కాలం చేసి నెల దాటింది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు మాత్రం ఇంకా అతని కాళ్ల కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాడి ప్రాణం నేర్పేవాడి పాదాల్లో ఉంటుందన్నమాట. అది అన్న మాట కూడా.

ఎనిమిదేళ్లు ఊళ్లో సగంమందిని గుద్దుకోకుండా కాపాడినవాడు, ముప్ఫై నిండకుండానే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండెకు రెండో పెడలు లేదు.

ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటే చూడలేననుకుంది చెల్లెలు. అందుకే ఉద్యోగం తనకిమ్మంది. ఓనరు బాబాయి బుర్ర గోక్కున్నాడు.

"నీకు బండి వచ్చా తల్లీ?"

"మూడేళ్లుగా అన్నతో ఈ కారే నడుపుతున్నా బాబాయ్. ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు."

"అయితే నన్ను వంతెన దాటించు. బతికొస్తే సీటు నీదే!"

బాబాయి కాళ్లు వెనక్కి ముడుచుకుని కూర్చున్నాడు. గేటు దగ్గరే కారు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. మలుపులో ఆగింది. వంతెన ఎత్తులో ఆగి, వెనక్కి జారింది. బాబాయి బ్రేకు తొక్కకపోతే వెనక లారీ ముక్కుకు తగిలి పచ్చడయ్యేది.

"అక్కా, ముందుకెళ్లే బండి కొనుక్కో!" లారీవాడు అరిచాడు.

"కారు పాడైంది బాబాయ్. అన్న ఉన్నప్పుడు ఇలా లేదు."

బాబాయి బ్రేకు మీద కాలు తీయకుండానే ఆమె పాదాల వైపు చూశాడు.

"కారు బాగానే ఉందమ్మా. నువ్వు క్లచ్చు ఠక్కున వదిలేస్తున్నావు. ఇటునుంచి వాడు తొక్కిపట్టి, మెల్లగా వదిలేవాడు. ఎవరికైనా మూడు రోజులే అలా పట్టేవాడు. నీకు మూడేళ్లు. ఎందుకురా అంటే, అది భయపడుతుంది బాబాయ్ అనేవాడు."

పెడలు అంత మెత్తగా పైకి రావడం ఇన్నాళ్లూ తన పనితనం అనుకుంది. నెలరోజులుగా ఏడ్చిన మనిషికి మొదటిసారి ఒళ్లు మండింది.

"మోసం చేశాడు!"

"మోశాడమ్మా. అదీ తప్పే. నేను అప్పుడే చెప్పా."

చచ్చినవాడితో పోట్లాడదామంటే అటువైపు మనిషి లేడు. తనకు వచ్చనుకున్నదాంట్లో తనదెంతో తెలీదు. బండి ఒక్కటేనా, ఇంకా ఏమేం రావో?

"ఆ ఉద్యోగం నాకొద్దు బాబాయ్. మీరు దిగండి."

"ఎత్తులో, ఒక్కదానివే?"

"దిగండి."

బాబాయి దిగి, లారీకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. కారు ఆగింది. మళ్లీ ఆగింది. వెనక హారన్లు బూతుల్లోకి దిగాయి. ఆరోసారి ఆమె తల స్టీరింగుకు ఆనించి బావురుమంది.

ఏడోసారి క్లచ్చు పెడలును వెంట్రుకవాసి చొప్పున వదిలింది. కారు ఎత్తెక్కింది. ఏడుపు ఆపకుండానే రెండో గేరు వేసింది.